మా బావుల్లోకి వచ్చిన ఉప్పు ప్రకృతి వైపరీత్యం కాదు

కృష్ణా డెల్టా నీటి మీద నిర్ణయాలు తీసుకునే అధికారులకు, ఇంజనీర్లకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం.

దివిసీమలో కాలువకు చిట్టచివర ఉన్న ఊళ్లలో ఒకదాని నుంచి రాస్తున్నాను. 31 ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఈ లేఖ నా ఒక్కడిదే కాదు. మా చుట్టుపక్కల ఊళ్ల రైతులు, బిందెలు మోసే ఆడవాళ్లు కూర్చుని, నువ్వు రాయి మాస్టారూ అంటే రాస్తున్నాను.

రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోదానికి 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఎవరూ మా ఊరికి రాలేదు, బావిలో నీళ్లు సీసాలో పట్టుకెళ్లలేదు, మురుగు కోడు సముద్రపు పాయలో కలిసేచోట ఉండే గేట్ల (స్లూయిజ్) దగ్గర నిలబడి చూడలేదు. అయినా పరిష్కారమైపోయింది. మూడోదానికి మాత్రం కాగితం మీద జవాబు వచ్చింది. ఇది ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగిన సమస్య కాబట్టి ఈ కార్యాలయ పరిధిలో తీసుకోదగిన చర్య ఏదీ లేదని దాని సారాంశం. ఈ లేఖ రాయించింది ఆ మాటే.

అసలు సంగతిలోకి వెళ్లేముందు ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరు వరదలో కరకట్ట తెగకుండా రాత్రంతా వానలో నిలబడి ఇసుక బస్తాలు వేసిన లస్కర్లకి (కాలువ గట్లు, గేట్లు చూసుకునేవాళ్లకి), కింది స్థాయి సిబ్బందికి మా ఊళ్లు రుణపడి ఉన్నాయి. మా ఫిర్యాదు వాళ్ల మీద కాదు.

ఇక మా బావి సంగతి. మా నాన్న తవ్వించిన ఊటబావి అది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు సముద్రం దాని మీదుగా పోయింది. దివిసీమలో పదివేల మందికి పైగా చచ్చిపోయిన ఆ రాత్రి గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. తర్వాత ఆ బావిలో నీళ్లు నోట పెట్టుకోలేకపోయాం. ఊరంతా కలిసి తోడిపోశాం. వానలు పడ్డాయి, కాలువ పారింది. కొన్నేళ్లకి మళ్లీ తీపెక్కింది. మా అమ్మ ఆ నీళ్లతో పులుసు పెట్టి, ఇప్పుడు బావి బతికిందిరా అంది. అంత పెద్ద ఉప్పెనని కడుక్కున్న బావి, ఇప్పుడు ఏ ఉప్పెనా రాకుండానే ఉప్పెక్కింది. ప్రతి వేసవికీ కొంచెం ముందే ఎక్కుతోంది, వానాకాలంలో కొంచెం ఆలస్యంగా తగ్గుతోంది. ఈమధ్య తగ్గడం కూడా మానేసింది.

ఉప్పునీళ్లంటే ఏమిటో ఆఫీసులో కూర్చున్నవాళ్లకి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) అంకెలుగా తెలుస్తుంది. ఇంట్లో ఎలా తెలుస్తుందో చెప్తాను. మొన్న వేసవిలో మా వీధి చివరి ఇంట్లో ఒక కోడలుంది, వాళ్ల పుట్టింటి నుంచి చుట్టాలొచ్చారు. టిన్ను నీళ్లు అయిపోయాయి, బండి సాయంత్రానికి గానీ రాదు. పాలల్లో బావి నీళ్లు కలిపి టీ పెట్టింది. పొంగు రాకముందే పాలు విరిగాయి. గిన్నె కడిగి మళ్లీ పెట్టింది. మళ్లీ విరిగాయి. ఇంట్లో ఉన్న పాలు అవే. చుట్టాలు ఏమీ అనుకోలేదు గానీ ఆ పిల్ల వంటింట్లోంచి బయటికి రాలేకపోయింది. కందిపప్పు ఆరేడు విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. సబ్బు నురగ రాదు. తలస్నానం చేస్తే జుట్టు అట్ట కడుతుంది. బిందె అడుగున గోకితే తెల్లగా పొడి రాలుతుంది.

ఇదెలా జరుగుతోందో మా పిల్లలకి చెప్పినట్టే చెప్తాను, ఇంజనీర్లు మన్నించాలి. లీటరు మంచినీళ్లు కిలో తూగితే, లీటరు సముద్రపు నీళ్లు దాదాపు 1025 గ్రాములు తూగుతాయి. అందుకని తీరం వెంబడి భూమిలో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడలాగా. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మేర మంచినీళ్లు ఉంటే, అవి కింద సుమారు 40 అడుగుల లోతు దాకా ఉప్పునీటిని అదిమి ఉంచుతాయి. పైన ఒక్క అడుగు తగ్గిందంటే కింద ఉప్పు 40 అడుగులు పైకి ఎగబాకుతుంది. కాలువలో నీళ్లు రాకపోవడం, వాన పడకపోవడం, బోర్లతో తోడెయ్యడం, సముద్ర మట్టం పెరగడం, ఈ నాలుగింటిలో ఏది జరిగినా ఆ ఒక్క అడుగు కరుగుతుంది. మా దగ్గర నాలుగూ ఒకేసారి జరుగుతున్నాయి.

ఇప్పుడు 'వైపరీత్యం' అన్న మాట దగ్గరికి వస్తాను. ప్రకృతి తనంతట తాను చేసింది, ఎవరూ బాధ్యులు కారు, ముందుగా తెలుసుకునే దారి లేదు అని ఆ మాటకి అర్థం. మూడూ తప్పే.

వాతావరణం, సముద్రం, నేల వేడెక్కడానికి మనిషే కారణమన్నది నిస్సందేహమని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2021లోనే రాసింది. పరిశ్రమలు మొదలవకముందు గాలిలో పది లక్షల పాళ్లకి 280 పాళ్లున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 1901 నుంచి 2018 లోపు ప్రపంచ సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. మొదట్లో ఏడాదికి మిల్లీమీటరు పైచిలుకు పెరిగేది, 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. 20 సెంటీమీటర్లంటే జానెడు కూడా లేదే అనిపిస్తుంది. పొలాలు సముద్రం కంటే మూరెడు ఎత్తులో ఉన్న ఊళ్లో జానెడంటే ఎంతో ఒకసారి వచ్చి చూడండి.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. నేల నుంచి, చెరువుల నుంచి, ప్రాజెక్టుల నుంచి ఎక్కువ నీటిని పీల్చుకుంటుంది. ఇచ్చేటప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. మధ్య భారతంలో విస్తారంగా కురిసే విపరీత వర్షాలు 1950 నుంచి 2015 లోపు మూడింతలయ్యాయని పుణేలోని మన శాస్త్రవేత్తలే 2017లో లెక్క తేల్చారు. గంగకి హిమాలయాల్లో మంచు ఉంది, వేసవిలో బ్యాంకు డిపాజిట్‌లాగా అక్కరకొస్తుంది. ఆ డిపాజిట్ కూడా ఇప్పుడు కరిగిపోతోంది, అది వేరే సంగతి. మహాబలేశ్వరంలో పుట్టే మన కృష్ణకి ఆ డిపాజిట్ మొదటి నుంచీ లేదు. వాన ఎలా పడితే నది అలాగే.

వరసగా రెండేళ్లు గుర్తు చేసుకోండి. 2023 ఆగస్టులో దేశంలో వర్షపాతం సాధారణం కంటే 36 శాతం తక్కువ. 1901 నుంచి లెక్కలున్నంత వరకు అంత ఎండిన ఆగస్టు లేదు. ఆ ఏడు నాగార్జునసాగర్ నిండలేదు. 2024 వేసవిలో హైదరాబాద్ తాగునీటికి సాగర్ అడుగు నీళ్లని ఎమర్జెన్సీ మోటార్లు పెట్టి తోడాల్సి వచ్చింది. అంత పెద్ద నగరానికే అలా ఉంటే కాలువ చివర ఉన్నవాళ్లం మేమెక్కడ? ఆ వేసవి దాటి నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల (సెకనుకి అన్ని ఘనపుటడుగుల) వరద వచ్చింది. 2009 అక్టోబరులో వచ్చిన 11.10 లక్షల రికార్డు చెరిగిపోయింది. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. మా లంకలు మునిగాయి.

11.43 లక్షల క్యూసెక్కులంటే రోజుకి దాదాపు 99 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). బ్యారేజీలో నిలిచేది 3 టీఎంసీలు. అంటే ముప్పావు గంటలో బ్యారేజీ మొత్తం నిండేంత నీళ్లు వచ్చి వచ్చినట్టే సముద్రంలోకి పోయాయి. ఆ తర్వాతి ఏప్రిల్‌లో మళ్లీ మా వీధిలో ఆడవాళ్లు టిన్ను నీళ్ల బండి కోసం ఎదురు చూశారు.

ఇలాంటి నదిని మనం ఏ లెక్కల మీద పంచుకుంటున్నాం? రాష్ట్రాల మధ్య కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్, కృష్ణలో 75 శాతం భరోసాతో, అంటే నూటికి 75 ఏళ్లు, 2060 టీఎంసీలు ఉంటాయని తేల్చింది. 1894 నుంచి 1972 దాకా 78 ఏళ్ల ప్రవాహాల లెక్క అది. అందులోంచే కృష్ణా డెల్టాకి 181.2 టీఎంసీలు వచ్చాయి. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961 నుంచి 2008 దాకా 47 ఏళ్లు తీసుకుంది. ఆ పెద్దలు తమకి దొరికిన లెక్కలతో న్యాయంగానే చేశారు, కాదనను. అయితే ఆ లెక్కలన్నీ పాత రుతుపవనానివి. వంద రోజుల్లో కురవాల్సింది పది రోజుల్లో కురిస్తే ఏడాది మొత్తం కాగితం మీద అంతే కనిపిస్తుంది, కాలువలోకి మాత్రం రాదు. పైగా ఆ కుంభవృష్టి మట్టిని కోసుకొచ్చి ప్రాజెక్టుల్లో పోస్తుంది. 408 టీఎంసీల సాగర్ ఇప్పుడు 312. 308 టీఎంసీల శ్రీశైలం ఇప్పుడు 215. ఆ పూడిక ఒకప్పుడు మా దాకా వచ్చి డెల్టాని కట్టిన ఒండ్రు. అది అక్కడే ఆగిపోవడంతో ఇక్కడ నేల కుంగుతోంది, తీరం కోసుకుపోతోంది. ఎదురుమొండి దీవుల వాళ్లని అడిగితే, సముద్రంలో వేలు పెట్టి మా పొలం అదిగో అక్కడుండేదని చూపిస్తారు.

ఇది మా ఒక్కరి కథ కాదని కూడా మీకు తెలుసు. వియత్నాంలో మెకాంగ్ డెల్టాలోకి ఉప్పు చొచ్చుకొస్తే 2020లో అయిదు రాష్ట్రాల్లో ఎమర్జెన్సీ ప్రకటించారు. 2022 కరువులో ఇటలీలో పో నది ముఖద్వారం నుంచి సముద్రం ఎదురెక్కి వరిచేలని ఎండబెట్టింది. 2023లో అమెరికాలో మిసిసిపీ నది సన్నబడితే ఉప్పునీళ్లు నది అడుగున పాకుతూ న్యూ ఆర్లియన్స్ వైపు బయల్దేరాయి. అక్కడి సైనిక ఇంజనీర్లు నది అడుగున మట్టిగట్టు ఎత్తు పెంచి దాన్ని నిలువరించారు, దిగువ ఊళ్లకి పడవల మీద మంచినీళ్లు పంపారు. అక్కడ కూడా కారణం కరువూ సముద్రమే. వాళ్లు మాత్రం 'మా పరిధిలో లేదు' అని రాయలేదు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో మా ఊళ్లలో చూసినంత మేరకు రాస్తున్నాను.

1. తాగునీరు. ఇంటింటికీ కుళాయి బిగించారు, మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తామన్నారు. కుళాయికి నీళ్లొచ్చేది మంచినీళ్ల చెరువు నుంచి, చెరువుకి వచ్చేది కాలువ నుంచి. వేసవి కట్టుబడికి (కాలువ కట్టేసే కాలానికి) ముందు ఆఖరి తడి మా దాకా రాకపోతే చెరువు సగానికే ఆగుతుంది. మే నెలకి అడుగున మిగిలిన నీళ్లు ఎండకి చిక్కబడి, చుట్టూ నేలలోంచి ఉప్పు ఊరి, పచ్చగా మారతాయి. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, గత్యంతరం లేకపోతే 2000 దాకా ఓర్చుకోవచ్చు. ఆ 'గత్యంతరం లేకపోతే' అన్నది మాకు ఏటా వచ్చే కాలం పేరైపోయింది.

2. టిన్ను నీళ్ల ఖర్చు. కూలి దొరకని రోజు కూడా టిన్ను కొనాలి. తాగడానికి, వంటకి కలిపి అయిదుగురున్న ఇంటికి రోజుకొక టిన్ను చాలదు. వాళ్లు పప్పు మానేస్తారు, పాలు మానేస్తారు, నీళ్లు మానలేరు కదా. పైగా ఆర్వో ప్లాంట్లకి కూడా బోరు నీళ్లే ఆధారం. నీళ్లు ఎంత ఉప్పెక్కితే ప్లాంటు అంత ఎక్కువ నీళ్లు పారబోస్తుంది. ఆ పారబోసిన చిక్కటి ఉప్పునీళ్లు పక్క మురుగు కాలవలోకే పోతాయి.

3. గర్భిణులు. ఈ ఒక్క విషయం మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ మాట్లాడరు. బంగ్లాదేశ్ తీరంలో దాకోప్ అనే చోట తాగునీటిలో ఉప్పు మీద పరిశోధన జరిగింది. ఉప్పునీళ్లు తాగే గర్భిణుల్లో బీపీ పెరగడం, గుర్రపువాతం (గర్భిణుల్లో బీపీ పెరిగి ఫిట్స్ దాకా వెళ్లే జబ్బు) లక్షణాలు ఎక్కువగా ఉన్నాయని తేలింది. మన దగ్గర డాక్టర్లు గర్భిణికి బీపీ ఉంటే ఉప్పు తగ్గించమని చెప్తారు. ఆ అమ్మాయి పచ్చడి మానేస్తుంది, కూరలో ఉప్పు తగ్గిస్తుంది. తాగే నీళ్లలో ఉన్న ఉప్పుని ఎక్కడ తగ్గించాలి? మా ఊళ్లో ఎంతమందికి ఇలా జరిగిందో నేను చెప్పలేను, ఎవరూ లెక్క పెట్టలేదు కాబట్టి. లెక్క పెట్టమనే అడుగుతున్నాం.

4. పంట. వరికి నారు దశలో, పూత దశలో ఉప్పు తగిలితే తట్టుకోలేదు. జూన్‌లో రావాల్సిన నీళ్లు జూలై ఆఖరికి వస్తే నారు ముదురుతుంది, నాట్లు వెనకబడతాయి, పూత సమయానికి తుఫాన్ల కాలం వస్తుంది. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్లు తెచ్చాక డెల్టా పైభాగానికి ముందుగా నీళ్లు వచ్చిన మాట నిజం, అది మేలు చేసింది కూడా. పులిగడ్డ అక్విడెక్టు (నది మీదుగా కాలువని దాటించే వంతెన) దాటి మా బోదెల్లోకి వచ్చేసరికి మాత్రం వంతులే మిగులుతాయి. కోతలకి ముందు చల్లే మినుము చౌడు పొర మీద మొలకెత్తి, రెండాకులు వేసి, అంచులు మాడిపోతుంది.

5. పశువులు. గేదె ఉప్పునీళ్లు మూతి పెట్టి వదిలేస్తుంది. పాలు తగ్గుతాయి. ఇంట్లో ఆడవాళ్ల చేతికొచ్చే డబ్బు పాల డబ్బొక్కటే.

6. వలస, పెళ్లిళ్లు. నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వమంటున్నారు. నవ్వులాటకి రాయడం లేదు, రెండు సంబంధాలు నా కళ్లముందే తప్పిపోయాయి.

ఇందులో మా తప్పులు కూడా ఉన్నాయి, దాచను. వరి గిట్టక మా వాళ్లే పొలాల్ని రొయ్యల చెరువులు చేశారు. కొందరు అనుమతి లేకుండా ఉప్పు బోర్లు వేసి చెరువులు నింపారు, ఆ నీళ్లని పంట కాలవల్లోకి వదిలారు. పక్క రైతు చేను చౌడెక్కింది. అతనూ గత్యంతరం లేక చెరువు తవ్వాడు. ఇలా ఒకరి తర్వాత ఒకరు. వాళ్లని దొంగల్లా చూడమని అడగడం లేదు, వాళ్లూ అప్పుల్లోనే ఉన్నారు. నియమాలు అందరికీ ఒకేలా అమలు చెయ్యమంటున్నాం.

అలాగే స్లూయిజ్ సంగతి. మురుగు కోడు సముద్రపు పాయలో కలిసేచోట షట్టర్లు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు మూసుకుని, నీరు తీసినప్పుడు తెరుచుకోవాలి. మా దగ్గర షట్టరు అడుగు తుప్పు పట్టి ఊడిపోయింది. పౌర్ణమి పోటుకి అక్కడ నిలబడితే నీళ్లు ఏ వైపు నడుస్తున్నాయో చిన్నపిల్లలు కూడా చెప్తారు. మురుగు కోడు వెనక్కి పారుతుంది. గుర్రపు డెక్క మొక్కలు సముద్రం వైపు పోకుండా ఊరివైపు కొట్టుకొస్తాయి, ఉప్పు తగిలి నాలుగు రోజుల్లో నల్లబడిపోతాయి. మా లస్కరు గోనె సంచుల్లో గడ్డి కుక్కి ఆ సందులో తోస్తాడు. రెండు పోట్లకి అవి కొట్టుకుపోతాయి. మళ్లీ కుక్కుతాడు. సముద్రం పెరగడం ప్రపంచం చేసిన పని, ఒప్పుకుంటాను. షట్టరు తుప్పు పట్టడం ఎవరు చేసిన పని?

వైపరీత్యం అన్న మాట మీద నాకు ఇంత పట్టింపు ఇందుకే. మనుషులు చేసింది కాబట్టి దీనికి బాధ్యులున్నారు. ఇప్పటిదాకా ప్రపంచం బొగ్గు, చమురు కాల్చి వదిలిన కార్బన్‌లో దాదాపు నాలుగో వంతు అమెరికాదే, మన దేశానిది నాలుగు శాతం లోపు. నష్టపోయిన దేశాల కోసం పెట్టిన నిధి మీద 2022లో ఒప్పందం కుదిరింది, 2023లో దుబాయ్‌లో మొదలైంది. కాగితాల మీద మనమే 'వైపరీత్యం' అని రాసుకుంటే, లెక్కలు లేకుండా ఆ నిధి ముందు రేపు ఏం చూపిస్తాం? మన సుప్రీంకోర్టు కూడా బట్టమేక పక్షి కేసులో 2024 మార్చి 21న ఒక మాట చెప్పింది. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కు అని. పక్షి కేసులో చెప్పిన మాట మా బావికి కూడా వర్తిస్తుందని నమ్ముతున్నాం.

మా డిమాండ్లు ఇవి. మొదటి మూడూ ఈ వానాకాలం లోపు చెయ్యగలిగినవి.

1. మా మూడో అర్జీ మీద రాసిన జవాబుని వెనక్కి తీసుకోవాలి. ఏ పని ఏ కార్యాలయం చేస్తుందో, ఏ తేదీ లోపు చేస్తుందో రాతపూర్వకంగా ఇవ్వాలి. చెయ్యలేనిదుంటే చెయ్యలేమని, ఎందుకు చెయ్యలేరో రాయండి. దాన్నైనా గౌరవిస్తాం.

2. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోపు అవుట్‌ఫాల్ స్లూయిజ్ షట్టర్లన్నీ మార్చాలి. ప్రతి అమావాస్యకీ, పౌర్ణమికీ పోటు వేళ అక్కడ మనిషి ఉండాలి.

3. ప్రతి నెలా ఊరి బావులు, చేతిపంపులు, మంచినీళ్ల చెరువు, మురుగు కోడు నీళ్లని పరీక్ష చేసి, లవణాలెంతో, క్లోరైడ్ ఎంతో పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. మా హైస్కూలు పిల్లలు నమూనాలు పట్టి ఇస్తారు, నేను దగ్గరుండి చూసుకుంటాను. గర్భిణుల బీపీ రికార్డుల్ని ఆశా కార్యకర్తల దగ్గర్నుంచి తీసుకుని ఈ నీటి లెక్కలతో కలిపి చూడాలి.

4. వేసవిలో తాగునీటికి కాలువ వదిలేటప్పుడు చివరి చెరువు ముందు నిండాలి, తర్వాత పైకి రావాలి. ఇప్పుడు పైనుంచి కిందికి నింపుతున్నారు, కిందికొచ్చేసరికి తేదీ అయిపోతోంది.

5. మంచినీళ్ల చెరువుల లోతు, వైశాల్యం 2023 లాంటి ఏడాదిని దృష్టిలో పెట్టుకుని కట్టాలి. సగటు ఏడాది అనేది ఇప్పుడు లేదు. అడుగున బంకమట్టి పొర వెయ్యాలి, చుట్టూ అర కిలోమీటరులో ఉప్పు చెరువులకి అనుమతి ఇవ్వకూడదు. ఉన్నవాటికి గడువిచ్చి, రైతుకి నష్టపరిహారం ఇచ్చి మార్పించాలి.

6. బ్యారేజీ దిగువన నదిలో వేసవి పొడుగునా కొంత మంచినీరు పారేలా చూడాలి. సముద్రంలోకి పోయే నీరు వృథా అని అందరూ అంటుంటారు. ముఖద్వారం దగ్గర ఉప్పుని ఆపుతున్నది ఆ నీరే. ఎంత వదిలితే ఎక్కడిదాకా ఉప్పు ఆగుతుందో ఇంజనీర్లు కొలిచి చెప్పాలి. మిసిసిపీలో వేసినట్టు అడుగు గట్టు మన పాయలకి పనికొస్తుందో లేదో కూడా చూడాలి.

7. రెండు రాష్ట్రాల మధ్య కృష్ణ వాటాల విచారణలో మన తరఫు వాదన పాత ప్రవాహాల లెక్కలతోనే ఆగకూడదు. రాబోయే ముప్పై నలభై ఏళ్ల వాన ఎలా ఉండబోతోందో శాస్త్రవేత్తల అంచనాలు తీసుకుని, డెల్టా చివరి ఊళ్ల తాగునీటిని వేరే పద్దుగా అడగాలి. తెలంగాణ అన్నదమ్ములతో మాకు పోటీ లేదు. వాళ్ల బోర్లు ఎండినా, మా బావులు ఉప్పెక్కినా కారణం ఒక్కటే.

8. కృష్ణ ముఖద్వారంలో మడ అడవుల్ని కొట్టనివ్వకూడదు, పోయినచోట పెంచాలి. ఉప్పెన వేగాన్ని, కెరటాల కోతని ఆ చెట్లు ఎంత తట్టుకుంటాయో 1977ని చూసినవాళ్లకి తెలుసు. ఎత్తిపోతల మోటార్లనీ, నీటి ప్లాంట్లనీ సౌర విద్యుత్తుకి మార్చండి. మన రాష్ట్రం ఒక్కటే బొగ్గు మానేస్తే సముద్రం ఆగదని నాకు తెలుసు, అయినా మన వంతు మనం చెయ్యాలి.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే, కాలువ చివరి ఊళ్ల వాళ్లందరం బిందెలతో వచ్చి మీ కార్యాలయం ముందు కూర్చుంటాం. గొడవ చెయ్యం. ఎవరి బిందెలో ఏ బావి నీళ్లో చీటీ అంటించి తెస్తాం, అక్కడే పరీక్ష చేయించమని అడుగుతాం.

అంతకంటే ముందు మీరే రావాలని మా కోరిక. వచ్చే పౌర్ణమి రోజు పోటు వేళకి స్లూయిజ్ దగ్గరికి రండి. కరకట్ట మీద కారు వస్తుంది, చివరి అర కిలోమీటరు నడవాలి. నేనూ మా లస్కరూ అక్కడే ఉంటాం. నీళ్లు వెనక్కి తిరిగే సమయం చూసి, తర్వాత మా వీధికి రండి. ఆ కోడలు పిల్ల టీ పెడుతుంది. ఏ నీళ్లతో పెట్టమంటారో మీరే చెప్పండి.

దివిసీమ కాలువ చివరి ఊళ్ల తరఫున,
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు